డిస్కు ఇరుక్కోలేదు ఉస్తాద్: డాఫ్ట్ పంక్ ఆల్బమ్‌ల మీద ఒక సౌండ్ సర్వీస్ వాడి మాట

1999 వానాకాలం. అప్పుడే పదో తరగతి అయిపోయి, కాజీపేటలో ఒక రేడియో, టేప్ రికార్డర్ రిపేర్ షాపులో పని నేర్చుకుంటున్నాను. ఒకరోజు ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ నుంచి ఒక స్టూడెంట్ వచ్చి, చేతిలో పట్టేంత సీడీ ప్లేయర్ కౌంటర్ మీద పెట్టాడు. పాట మధ్యలో ఎగిరెగిరి పడుతోంది, చూడమన్నాడు. మూత తీస్తే లెన్స్ నిండా దుమ్ము. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. టెస్టింగ్ కోసం, లోపలున్న డిస్కుతోనే షాపు ఆంప్లిఫయర్‌కు కలిపాను. ఏడో పాట మోగింది.

పంకా కింద కూర్చున్న మా ఉస్తాద్ రెండు నిమిషాలు విన్నాడు. "అరేయ్, డిస్కు ఆడనే ఇరుక్కున్నదిరా. మల్ల తుడువు" అన్నాడు. మళ్ళీ తుడిచాను. మళ్ళీ అదే. మరమనిషి గొంతుతో మూడే మాటలు, ఆగకుండా. అప్పుడు డిస్‌ప్లే వైపు చూశాను. సెకన్లు ముందుకే పోతున్నాయి. 3:40, 3:41, 3:42. "ఇరుక్కోలేదు ఉస్తాద్, పాటనే గట్లున్నది" అన్నాను. ఆయన లేచి వచ్చి, డిస్‌ప్లే మీదికి వంగి, పాట అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. ఏడు నిమిషాల పైనే పట్టింది.

ఆ పాట పేరు 'అరౌండ్ ద వరల్డ్'. ఆల్బమ్ పేరు 'హోమ్‌వర్క్'. చేసినవాళ్ళు డాఫ్ట్ పంక్ అనే ఇద్దరు ఫ్రాన్స్ పిల్లలు. పాట పేరులోని ఆ మూడు మాటలే అందులో 144 సార్లు వస్తాయి, ఇంకో మాట లేదు. సాయంత్రం ఆ స్టూడెంట్ వస్తే, నాకీ డిస్కు ఒక్క రాత్రికి కావాలి సార్ అని అడిగాను. ఇచ్చాడు. 90 నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. ఆల్బమ్ 74 నిమిషాలే కాబట్టి పట్టింది గానీ, ఒక వైపుకు 45 నిమిషాలే కదా, 'హై ఫిడెలిటీ' పాట చివరి నిమిషంన్నర దగ్గర తెగిపోయింది. ఆ ముగింపు నేను మళ్ళీ వినడానికి పదేళ్ళు పట్టింది.

ఇప్పుడు నాకు హన్మకొండలో సొంత సౌండ్ సర్వీస్ ఉంది. పెళ్ళి బరాత్‌లకు, గణపతి నిమజ్జనానికి, బతుకమ్మ ఆటకు స్పీకర్ బాక్సులు పెడతాను. కొత్త బాక్సు కొన్నా, పాత బాక్సుకు కోన్ మార్చినా మొదట మోగేది డాఫ్ట్ పంకే. షాపుకు వచ్చే పిల్లలు "అన్నా, వీళ్ళవి ఏ ఆల్బమ్ కొనాలి, ఏది ముందు వినాలి" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఒకేసారి రాస్తున్నాను.

ముందు మనుషుల గురించి. తొమా బంగాల్టర్, గీ-మాన్యుయెల్ ద హొమెమ్-క్రిస్టో. 1987లో పారిస్‌లో ఒకే స్కూల్లో కలిశారు. ఇంకో దోస్తుతో కలిసి మొదట గిటార్ బ్యాండ్ పెట్టారు. వాళ్ళ పాటను ఒక ఇంగ్లండ్ సంగీత పత్రిక తెలివితక్కువ పంక్ గోల అన్న అర్థం వచ్చేట్టు తిట్టింది. ఆ తిట్టులోంచే పేరు తీసుకున్నారు. మూడోవాడు వేరే బ్యాండ్‌కు పోయాడు, వీళ్ళిద్దరూ 1993లో డ్రమ్ మిషన్లు, సింథసైజర్ల వైపు తిరిగారు. మొదటి రికార్డు 1994లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి, సోమా అనే చిన్న లేబుల్ ద్వారా వచ్చింది. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు కూడా పాటల హక్కులు తమ దగ్గరే పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు దాటిన కుర్రాళ్ళకు అంత తెలివి ఉండటం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

1997 జనవరిలో 'హోమ్‌వర్క్' వచ్చింది. స్టూడియోలో చేయలేదు, తొమా ఇంట్లో పడకగదిలో చేశారు. పేరు అందుకే. మీరు మొదట కొనాల్సింది ఇదే.

'అరౌండ్ ద వరల్డ్' మొదలయ్యేటప్పుడు శబ్దం మూతపెట్టిన గిన్నె లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. పై ఫ్రీక్వెన్సీలు ఫిల్టర్‌తో కోసేశారు. మెల్లగా మూత తెరుచుకుంటుంది. డ్రమ్, బేస్, సన్నగా పలికే కీబోర్డు, గిటార్, మరమనిషి గొంతు. అంతే సరుకు. కాసేపటికి ఒకటి తప్పుకుంటుంది, ఇంకొకటి లోపలికి వస్తుంది, మళ్ళీ మొదటిది తిరిగొస్తుంది. మాటలు మాత్రం ఎక్కడున్నవి అక్కడే. ఒకటే ఉంది కదా అని మీ చెవి మాటలను వదిలేస్తుంది. వదిలేసిన చోట బేస్ గిటార్ లాంటి ఆ గీత మెట్లు ఎక్కి దిగడం వినబడటం మొదలవుతుంది. నాకైతే పదోసారికి వినబడింది.

దీనికి మిషెల్ గోండ్రీ తీసిన వీడియో తప్పకుండా చూడండి. రికార్డు ప్లేట్ లాంటి గుండ్రటి వేదిక మీద ఐదు గుంపులు తిరుగుతుంటాయి. ఒక్కో గుంపు ఒక్కో వాయిద్యం. మరమనుషులు గొంతు, పొడుగువాళ్ళు బేస్, అస్థిపంజరాలు గిటార్, కట్లు కట్టిన మమ్మీలు డ్రమ్, ఈత బట్టలేసుకున్న అమ్మాయిలు కీబోర్డు. బేస్ పైకి పోతే పొడుగువాళ్ళు మెట్లెక్కుతారు, కిందికొస్తే దిగుతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు పద్మాక్షి గుట్ట కింద సద్దుల బతుకమ్మ గుర్తొచ్చింది. అక్కడ కూడా వలయమే. చప్పట్లు కొట్టే వరుస మారదు, పాదం వేసే చోటు మారదు, ప్రతి చరణం చివరా అదే ఉయ్యాలో. మా అమ్మ గంటన్నర ఆడి వచ్చి "ఇంకో పాట పాడితే బాగుండు" అనేది. ఒకే మాట పాడితే విసుగు రాదా అని ఎవరైనా అడిగితే నేను ఆమెను తలుచుకుంటాను.

ఇదే ఆల్బమ్‌లో 'డా ఫంక్' ఉంది. దానికి రోలండ్ 303 అనే చిన్న బేస్ మిషన్ ప్రాణం. బురదలో చెప్పు లాగినట్టు జిగటగా పలుకుతుంది. 1982లోనే బొంబాయి సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ అదే మిషన్ మీద రాగాలు వాయించి రికార్డు చేశాడు. చికాగో డాన్స్ పాటల్లోకి అది చేరింది ఆ తర్వాతే. మన దగ్గర పుట్టిన ఆ రికార్డు మన దగ్గరే ఎవరికీ తెలియకపోవడం నాకు బాధ.

ఇంకోటి 'టీచర్స్'. మూడు నిమిషాలు కూడా ఉండదు. డ్రమ్ మీద వరుసగా పేర్లు చదువుతారు, అంతే. చికాగో పాల్ జాన్సన్, డెట్రాయిట్ జెఫ్ మిల్స్, డీజే ఫంక్, జార్జ్ క్లింటన్, ఇంకా చాలామంది. తాము ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేర్లు. నేను ఇప్పటికీ కొత్త మిషన్ విప్పేముందు మా ఉస్తాద్‌ను తలుచుకుంటాను, అందుకని ఈ పాట నాకు దగ్గర. ఆ జాబితాలో రొమాంథొనీ, టాడ్ ఎడ్వర్డ్స్ అనే రెండు పేర్లు కూడా ఉన్నాయి. గుర్తుపెట్టుకోండి.

నాలుగేళ్ళ తర్వాత, 2001 మార్చిలో 'డిస్కవరీ'. అందులో మొదటి పాట 'వన్ మోర్ టైమ్' పాడింది ఆ రొమాంథొనీయే. 'ఫేస్ టు ఫేస్' పాడింది ఆ టాడ్ ఎడ్వర్డ్స్. పేరు చెప్పి వదిలేయకుండా గురువులను పిలిచి మైకు ముందు నిలబెట్టారు.

'వన్ మోర్ టైమ్' గురించి మా పని భాషలో ఒక మాట. బరాత్‌లో జనరేటర్ చిన్నదైతే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. కిక్, అంటే పెద్ద డ్రమ్ దెబ్బ, పడ్డప్పుడల్లా లైట్లు మసకబారతాయి, పాట ఒక్కసారి కిందికి కుంగి మళ్ళీ లేస్తుంది. ఆ కుంగడం మాకు పెద్ద టెన్షన్, అది రాకూడదని జనరేటర్ ఎంత లోడ్ మోస్తుందో కేవీఏ లెక్కలు వేసుకుంటాం. ఈ పాటను మొదటిసారి నా బాక్సుల మీద పెట్టినప్పుడు అదే కుంగుబాటు వినిపించి, ఓల్టేజీ పడిపోయిందనుకుని మీటర్ పట్టాను. 230 దగ్గర కదలకుండా ఉంది. అప్పుడు అర్థమైంది, ఆ కుంగడం పాటలోనే ఉంది. శబ్దం హెచ్చుతగ్గులను అదిమిపెట్టే కంప్రెసర్ అనే పరికరంతో కావాలని చేశారు. కిక్ పడగానే మిగతా సంగీతమంతా తలొంచుతుంది, కిక్ దాటగానే లేస్తుంది, పాట మొత్తం ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. దానికి వాళ్ళు వాడింది అలెసిస్ 3630 అనే చవక కంప్రెసర్. సామాన్లు లేవని ఏడ్చే పిల్లలకు నేను ఈ ముక్క తప్పకుండా చెబుతాను.

ఈ ఆల్బమ్‌లో పాత రికార్డుల నుంచి కోసి తెచ్చుకున్న ముక్కలు చాలా ఉన్నాయి. 'డిజిటల్ లవ్'లో జార్జ్ డ్యూక్, 'హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్'లో ఎడ్విన్ బర్డ్‌సాంగ్, రెండూ 1979 పాటలు. 'వన్ మోర్ టైమ్'లో ఉన్నది కూడా అదే ఏడాది ఎడ్డీ జాన్స్ పాడిన పాట ముక్క. ఆ ఎడ్డీ జాన్స్ కథ నా మనసులోంచి పోదు. పాట ప్రపంచమంతా మోగుతుంటే ఆయనకు పైసా రాలేదనీ, కొన్నాళ్ళు ఇల్లు కూడా లేకుండా గడిపాడనీ 2021లో అమెరికా పత్రికలో వచ్చింది. డాఫ్ట్ పంక్ డబ్బు కడుతూనే ఉన్నారు, అది హక్కులున్న కంపెనీకి పోయింది. గాయకుడి దాకా రాలేదు. మా వైపు డీజే పాటల్లో మోగే జానపదం సంగతీ ఇంతే. పల్లెలో పాడిన మనిషి ఎవరో పెన్ డ్రైవ్‌లో పేరు కూడా ఉండదు. నేను మోగించే పాట పాడినవాళ్ళ పేరు తెలిస్తే మైకులో చెబుతాను, మూడేళ్ళుగా అది నియమం పెట్టుకున్నాను.

'డిస్కవరీ' మొత్తానికి జపాన్ కార్టూన్ గురువు లెయిజీ మత్సుమోటోతో కలిసి 2003లో సినిమా కూడా చేశారు. మా అమ్మాయి నాతో కూర్చుని విన్న మొదటి ఆల్బమ్ ఇదే, కారణం ఆ బొమ్మలు. "డాడీ, వీళ్ళు నీలం రంగులో ఎందుకున్నారు?" అని మొదలుపెట్టి, ఇప్పుడు నాకంటే ముందే పాట గుర్తుపడుతుంది. ఇంట్లో అందరూ కలిసి వినాలంటే 'డిస్కవరీ' కొనండి. 'వెరిడిస్ కో' మాత్రం రాత్రి పూట వినండి.

ఇద్దరూ ముఖం కనబడకుండా పెట్టుకునే రోబో హెల్మెట్లు కూడా ఈ ఆల్బమ్ నాటి నుంచే. 1999 సెప్టెంబర్ 9న ఉదయం 9 గంటల 9 నిమిషాలకు మిషన్ పేలి మేం రోబోలమయ్యాం అని కథ అల్లారు. ఆ తర్వాత డాఫ్ట్ పంక్‌గా జనం ముందు ముఖం చూపించలేదు.

2005లో వచ్చిన 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్' గురించి ఎక్కువ చెప్పను. ఆరు వారాల్లో చేశారు, ఆ తొందర వినబడుతుంది. 'అరౌండ్ ద వరల్డ్'లో తిరిగి తిరిగి వచ్చేదాని కింద ఏదో ఒకటి కదులుతూ ఉంటుందని చెప్పాను కదా, ఇక్కడ చాలా పాటల్లో ఆ కదలిక లేదు. 'రోబోట్ రాక్'లో ఉన్న ముక్క బలమైనదే, దాన్ని అట్లా వదిలేశారు. డబ్బు పెట్టి కొనకండి.

కానీ ఆ ఆల్బమ్ పాటలనే తీసుకుపోయి వాళ్ళు ఏం చేశారో చూడాలంటే 'అలైవ్ 2007' వినాలి. 2006 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో కోచెల్లా సంగీతోత్సవం వేదిక మీద లైట్ల పిరమిడ్ లోపల నిలబడి వాయించారు. ఏడాది తర్వాత, 2007 జూన్ 14న పారిస్ బెర్సీ హాల్లో జరిగిన కచేరీ ఈ డిస్కు. ఒక పాట డ్రమ్ మీద రెండో పాట గొంతు, దాని మీద మూడో పాట బేస్. 'అరౌండ్ ద వరల్డ్', 'హార్డర్, బెటర్' రెండూ కలిసే చోటు ఉంది చూడండి, జనం అరుపు సంగీతంలో ఒక వాయిద్యం అయిపోతుంది. ఇంట్లో నీరసంగా ఉన్న 2005 పాటలు ఇక్కడ ఇనుములా మోగుతాయి. డీజే పని నేర్చుకునే మా పిల్లలకు నేను సిలబస్‌గా ఇచ్చేది ఇది. రెండు పాటలను స్పీడ్ సరిపోల్చి పక్కపక్కన పెట్టడం అందరికీ వస్తుంది. ఏ పాటలో ఏ ముక్క తీసేయాలో తెలియడం కష్టం. దీన్ని హెడ్‌ఫోన్లలో వినొద్దు, పెద్ద బాక్సుల మీద వినండి. 2009లో గ్రామీ అవార్డు కూడా వచ్చింది దీనికి.

2010లో ఒక హాలీవుడ్ సినిమాకు 85 మంది ఆర్కెస్ట్రాతో సంగీతం చేశారు. బాగుంటుంది, సినిమా చూసినవాళ్ళకు ఇంకా బాగుంటుంది.

2013 మేలో 'రాండమ్ యాక్సెస్ మెమరీస్'. ఇక్కడ ఇద్దరూ మళ్ళీ మనుషుల దగ్గరికి వచ్చారు. డ్రమ్ మిషన్ పక్కన పెట్టి ఒమర్ హకీమ్, జే ఆర్ రాబిన్సన్ లాంటి డ్రమ్మర్లను, బేస్‌కు నేథన్ ఈస్ట్‌ను, గిటార్‌కు నైల్ రోజర్స్‌ను పిలిచారు. 'గెట్ లక్కీ' మీరు వినే ఉంటారు, హన్మకొండ చౌరస్తాలో బట్టల షాపుల్లో కూడా మోగింది. నేను గంటలు గంటలు విన్నది మాత్రం 'జార్జియో బై మొరోడర్', తొమ్మిది నిమిషాల పాట. ఇటలీలో పుట్టిన పాతకాలపు డిస్కో గురువు జార్జియో మొరోడర్ తన కథ తానే చెబుతాడు. కారులో పడుకున్న రోజులు, పాటలు పాడిన హాళ్ళు. చెబుతున్న కాలాన్ని బట్టి మైకు మార్చి రికార్డు చేశారు, పాత రోజుల మాటకు పాతకాలం మైకు, కొత్త రోజులకు కొత్తది. ఎంతమందికి ఆ తేడా వినబడుతుంది? నేను మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు రాత్రులు విన్నాను. గొంతు చుట్టూ ఉండే గాలి మారుతుందని అనిపించింది, ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపలేను.

ఆయన మాట్లాడుతూ, సింథసైజర్‌ను టేపుతో కలపడానికి తాళం చూపే క్లిక్ శబ్దం వాడాలన్న ఆలోచన వచ్చిన సంగతి చెబుతాడు. ఆ మాట దగ్గర నిజంగానే క్లిక్ వినబడుతుంది. టక్, టక్, టక్. దాని మీదికి సింథసైజర్ వచ్చి చేరుతుంది. 1970లలో ఒక మనిషికి తట్టిన ఆలోచన మన కళ్ళ ముందే పాటగా మారుతుంది. చివరి మూడు నిమిషాల్లో డ్రమ్మర్ విజృంభించినప్పుడు నా వర్క్‌షాపులో పని ఆగిపోతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకుని అట్లా వింటూ ఉంటాను.

ఈ ఆల్బమ్‌కు 2014లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ ఇచ్చారు. నా ఫిర్యాదు ఒక్కటే. మధ్యలో రెండు మూడు నెమ్మది పాటలు వరుసగా పెట్టారు, అక్కడ కాస్త సాగదీసినట్టుంటుంది. పాల్ విలియమ్స్ పాడిన 'టచ్' మాత్రం ఆ లెక్కలోకి రాదు.

దీని పదేళ్ళ ప్రత్యేక ఎడిషన్ 2023లో వచ్చింది. రిపేర్‌కు వచ్చి ఎవరూ తీసుకుపోని ఒక టర్న్‌టేబుల్‌ను బాగుచేసుకున్నాను కాబట్టి, ఎల్పీ రికార్డులే ఆన్‌లైన్‌లో తెప్పించాను. జూలై వానల్లో, పలచటి అట్టపెట్టెలో, మూల నలిగి వచ్చింది. తీసి చూస్తే మొదటి రికార్డు అప్పడంలా వంగి ఉంది, సూది పడవలా ఊగింది. అమ్మినవాళ్ళతో రెండు వారాలు ఫోన్లు, ఫొటోలు, మళ్ళీ ఫోన్లు. చివరికి మార్చి ఇచ్చారు. మీరు తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి. ఎండాకాలంలో మన ఇళ్ళల్లో రికార్డులు పడుకోబెట్టకండి, నిలబెట్టండి. లేదంటే సీడీ తీసుకోండి, వరంగల్ ఎండకు అదే నయం. అదే ఏడాది నవంబర్‌లో డ్రమ్ములు తీసేసిన ఎడిషన్ కూడా వదిలారు. మామూలు వినేవాళ్ళకు అవసరం లేదు. మిక్సింగ్ నేర్చుకునేవాళ్ళు మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి వినండి, డ్రమ్ పోయాక బేస్ గిటార్ ఒక్కటే తాళాన్ని ఎట్లా మోస్తుందో తెలుస్తుంది.

2021 ఫిబ్రవరి 22న ఎనిమిది నిమిషాల వీడియో పెట్టి విడిపోయారు. 28 ఏళ్ళలో నాలుగే స్టూడియో ఆల్బమ్‌లు. ఆ రోజు నేను ఒక ఫంక్షన్ హాల్లో వైరింగ్ చేస్తున్నాను. ఫోన్‌లో వార్త చూసి మా ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయనకు ఎనభై దాటాయి, చెవులు మందగించాయి. రెండుసార్లు చెప్పాక, "ఎవరు, గా డిస్కు ఇరుక్కున్నోల్లా?" అన్నాడు. అవునన్నాను. "మల్ల ఒకపాలి వినిపియ్యి" అన్నాడు. మరుసటి ఆదివారం రెండు చిన్న బాక్సులు ఆయన ఇంటికి తీసుకుపోయాను.

ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. వీళ్ళ పాటలు ఫోన్ స్పీకర్‌లో విని నచ్చలేదని చెప్పకండి. అంత చిన్న స్పీకర్‌లో కింది బేస్ రానే రాదు, ఈ పాటల్లో సగం అక్కడే ఉంది. దగ్గరలో మంచి బాక్సులున్న సౌండ్ సర్వీస్ వాళ్ళను అడగండి, సీజన్ లేని రోజుల్లో ఎవరైనా వినిపిస్తారు. నా దగ్గరైతే ఆదివారం పొద్దున పదింటికి షట్టర్ లేపుతాను, మధ్యాహ్నం దాకా గిరాకీ ఉండదు. 'హోమ్‌వర్క్' సీడీ నా దగ్గరే ఉంది. ఏడో పాట నుంచి పెడతాను.